గోర్లిట్జ్‌లో ఆరేళ్ళు: వంతెన దాటితే గోంగూర

అద్దె తక్కువ, ఊరు ప్రశాంతం, పాత భవనాలు చూడముచ్చటగా ఉంటాయి, సినిమా షూటింగులు జరుగుతుంటాయి. గోర్లిట్జ్ గురించి కాస్త వెతికినవాళ్ళకి ఇవన్నీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది ఆ నడక వంతెన గురించి. జర్మనీ తూర్పు చివర, పీటర్స్ చర్చి కింద మొదలై నైసె నది దాటి పోలండ్‌లోని జ్గోజెలెట్స్‌లో దిగుతుంది. 1945 మేలో, యుద్ధం రేపోమాపో ముగుస్తుందనగా పేల్చేసిన వంతెనని 2004లో గానీ మళ్ళీ కట్టలేదు. దాటడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. ఈ ఊళ్ళో నేను నిలదొక్కుకున్నానంటే సగం దాని పుణ్యమే.

మా ఆయన ఉద్యోగం మీద 2019 అక్టోబర్‌లో వచ్చాం. తెనాలిలో పుట్టి పెరిగినదాన్ని, సాయంత్రం ఆరు దాటితే వీధిలో మనిషి కనిపించకపోవడం చూసి మొదటి నెలంతా బెంగపడ్డాను. మన సరుకులు కావాలంటే రైలెక్కి డ్రెస్డెన్ వెళ్ళాలి, రానూ పోనూ ఒక పూట అయిపోతుంది. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం ఊరికే నడుచుకుంటూ అవతలికి వెళ్ళాను. ఇక్కడ ఆదివారం అన్ని షాపులూ మూత. అక్కడా పెద్దవి చాలావరకు మూసేస్తారు గానీ, యజమానే కూర్చుని నడుపుకునే చిన్న కొట్లు తెరిచే ఉంటాయి. అలాంటి కొట్లో ఒక గాజు సీసా కనిపించింది. లోపల ముదురాకుపచ్చగా తరిగిన ఆకు. ఏంటని అడిగితే కొట్టు పెద్దావిడ 'ష్చావ్' అంది, నాకు అర్థం కాలేదని కళ్ళు చికిలించి, నాలుక చప్పరించి చూపించింది. పులుపు! ఇంటికొచ్చి కందిపప్పులో వేసి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లితో పోపు పెట్టాను. అచ్చం గోంగూర కాదు, వాసన వేరు, ఆకు జిగురు తక్కువ. కానీ ఆ పులుపు నాలుక పక్కల పట్టుకుంటుంది చూడండి, అది మాత్రం అదే. మా ఆయన మాట్లాడకుండా మూడుసార్లు వడ్డించుకున్నారు. అది ఇంగ్లీషులో సోరెల్ అనే, మన చుక్కకూర జాతి ఆకని, వాళ్ళు దాంతో ఉడికించిన గుడ్డు వేసి సూప్ చేసుకుంటారని తర్వాత తెలిసింది.

అక్కడే వరిగ బియ్యం కూడా దొరికాయి, వాళ్ళకది మామూలు తిండే.

ఆ తర్వాత 2020 వచ్చింది. మార్చిలో సరిహద్దు మూసేసి వంతెనకి అడ్డంగా కంచె పెట్టారు. సరిగ్గా అప్పుడే నాకు మూడో నెల, వేవిళ్ళు. నీళ్ళు కూడా ఇమిడేవి కావు, పులుపు తప్ప ఏదీ నోట పెట్టలేకపోయేదాన్ని. ఇండియా నుంచి విమానాలు ఆగిపోయాయి, అమ్మ వచ్చే దారి లేదు. ఇంట్లో ఒకే ఒక్క సీసా ఉంది. రోజుకో చెంచా చొప్పున అన్నంలో కలుపుకుని తొమ్మిది రోజులు లాగాను. అయిపోయాక ఒక సాయంత్రం వంతెన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. కంచెకి అటొకరు ఇటొకరు నిలబడి మాట్లాడుకుంటున్నారు, ఒకావిడ ఏడుస్తోంది. ఆ పెద్దావిడ కొట్టుండే వీధి మలుపు నాకు కనిపిస్తూనే ఉంది. రెండు నిమిషాల దూరం. ఆ రోజు పడిన బాధ ఇప్పటికీ గొంతులో ఉంది. జూన్ 13న తెరిచారు, ఆరో నెల కడుపుతో ఆ పొద్దున్నే వెళ్ళాను. ఆవిడ నా పొట్ట చూసి ఆరు సీసాలు సంచిలో పెట్టింది, నాలుగింటికే డబ్బు తీసుకుంది.

రెండేళ్ళ తర్వాత మా పక్కింటావిడ, వసంతంలో ఇదే ఆకు నది ఇవతలి గట్టు గడ్డిలో మొలుస్తుందని చూపించింది. అప్పుడు తెలిసుంటే!

ఇప్పుడు ఆ వంతెన మునుపటంత హాయిగా లేదు. 2023 నుంచి జర్మనీ, 2025 జూలై నుంచి పోలండ్ మళ్ళీ తనిఖీలు పెట్టాయి. అందర్నీ, రోజూ ఆపరు. కానీ రెసిడెన్స్ కార్డు ఇంట్లో మర్చిపోయిన రోజే నన్ను ఆపారు, పాపని ఎత్తుకుని, కూరల సంచి పట్టుకుని నలభై నిమిషాలు నిలబడ్డాను. పాలు కొనడానికి వెళ్ళినా సరే, పాస్‌పోర్టూ కార్డూ జేబులో ఉండాల్సిందే. అద్దె తక్కువన్నాను గదా, మా ఇల్లు పాతది, పైకప్పు ఎత్తు, 2022 చలికాలం హీటింగు బిల్లు ఆ ఏడాది మిగిలిందంతా తినేసింది. మనలాంటివాళ్ళని అందరూ ఆదరిస్తారని కూడా చెప్పలేను, ఇక్కడ వలసలు వద్దనే పార్టీకి ఓట్లు బాగా పడతాయి. 2019లో ఆ పార్టీ అభ్యర్థిని ఓడించి మేయరైన ఒక్టావియన్ ఉర్సు రుమేనియాలో పుట్టిన ట్రంపెట్ కళాకారుడు, ఈ ఊళ్ళో రెండూ నిజమే.

మా ఆయనది పర్మనెంట్ ఉద్యోగం, పాప కిండర్‌గార్టెన్ నడిచే దూరం, నాకు జర్మన్ ఒక మోస్తరుగా వచ్చు. అయినా నాకు పని దొరకడానికి మూడేళ్ళు పట్టింది. ఒంటరిగా ఐటీ ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళైతే లైప్జిగ్ చూసుకోండి. చిన్నపిల్లలతో ఒకే జీతం మీద బతకాలంటే మాత్రం ఒకసారి వచ్చి చూడండి, అదీ ఫిబ్రవరిలో, మేలో కాదు.

వస్తే వంతెన దాటి ఆ సీసా తెచ్చుకోండి. ఉప్పు అందులో ముందే ఉంటుంది, పప్పులో వేశాక రుచి చూసి గానీ మళ్ళీ వేయకండి.