మూడేళ్లలోపు పిల్లలతో క్రూజ్‌కి వెళ్లేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మీ ఇంట్లో మూడేళ్లు నిండని పాపో బాబో ఉంటే, "ఫ్యామిలీ క్రూజ్" అన్న బోర్డు చూసి, ఏజెంటు మాట నమ్మి మొత్తం డబ్బు కట్టేయకండి. మా పాపకి రెండున్నరేళ్లు, డైపర్ ఇంకా మానలేదు. ఈ రెండూ బుకింగ్‌కి ముందే ఏజెంటుకి చెప్పాం. "పిల్లలున్న కుటుంబాల కోసమే కట్టిన ఓడండీ అది. పాపని పిల్లల్ని చూసుకునే క్లబ్‌లో వదిలేసి మీరిద్దరూ హాయిగా తిరగొచ్చు" అన్నాడు. తీరా ఓడ ఎక్కాక తెలిసిందేమిటంటే, పాపకి క్లబ్‌లోకి ప్రవేశం లేదు, ఈతకొలనులో కాలు పెట్టనివ్వరు, బ్రోచర్‌లో మాకు చూపించిన నీటి ఆటల పార్కు ఆ ఓడలో లేనే లేదు.

ముందు క్లబ్ సంగతి చెబుతాను. చిన్నపిల్లలున్నవాళ్లలో చాలామంది క్రూజ్ వైపు మొగ్గేది దాన్ని చూసే. పిల్లల క్లబ్ ఉచితమని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అది నిజమే. ఏ వయసు నుంచి అన్నది మాత్రం వెతికితేగానీ కనబడదు. చాలా కంపెనీల్లో మూడేళ్లు నిండాలి, టాయిలెట్ అలవాటు పూర్తిగా అయి ఉండాలి. రాయల్ కరీబియన్ పద్ధతి అదే. కార్నివాల్ రెండేళ్ల నుంచే తీసుకుంటుంది. డిస్నీ ఓడల్లో మూడేళ్లలోపు వాళ్లకి వేరే నర్సరీ ఉంది. ఆరు నెలల పిల్లల్ని కూడా చూసుకుంటారు గానీ గంటల లెక్కన డబ్బు కట్టాలి, చోటు తక్కువ కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. ఒకే పిల్లకి మూడు కంపెనీల్లో మూడు రకాల జవాబులొస్తాయి. వర్జిన్ వాయేజెస్ లాంటి వాటిలో పద్దెనిమిదేళ్లలోపు వాళ్లని అసలు ఎక్కనివ్వరు. అన్నిటినీ ఒకే గాటన కట్టి "క్రూజ్‌లో పిల్లలకి అన్నీ ఉంటాయి" అనే ఏజెంటుని నమ్మొద్దు.

మా ఓడలో క్లబ్ దగ్గరున్న అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, కానీ ఆమె చేతిలో ఏమీ లేదు. రోజులో ఒక గంట మీలో ఒకరు పక్కన కూర్చుని ఆడించుకోవచ్చు, అంతే అంది. ఆ తర్వాత మా సెలవంతా వంతులేసుకోవడంతోనే సరిపోయింది. ఆయన భోజనానికి వెళ్తే నేను గదిలో, నేను వెళ్తే ఆయన గదిలో. సాయంత్రం షోలకి కలిసి వెళ్లే మాటే లేదు. పిల్లని ఎవరో చూసుకుంటారన్న ధైర్యంతోనే కదా పూర్తి టికెట్లు కొన్నది!

ఇక ఈతకొలను. డైపర్ మానని పిల్లల్ని ఓడలోని మామూలు కొలనుల్లోకి, వేడినీళ్ల తొట్లలోకి దిగనివ్వరు. ఈత డైపర్ వేసినా అంతే. అమెరికా రేవులకి వెళ్లే ఓడల పరిశుభ్రతను అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ తనిఖీ చేస్తుంది. డైపర్ వయసు పిల్లలు వాళ్ల కోసమే ప్రత్యేకంగా కట్టిన నీటి ఆటస్థలంలోనే ఆడాలన్నది ఆ సంస్థ నియమం. నియమం మీద నాకు కోపం లేదు, అది సరైనదే. ఈత డైపర్ మలాన్ని కొంత ఆపుతుందేమో గానీ క్రిముల్ని ఆపలేదు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి సరిగ్గా క్లోరిన్ కలిపిన నీళ్లలో కూడా వారానికి పైగా బతుకుతుంది. ఒక పిల్లకి విరేచనాలైతే కొలనులో ఉన్న మిగతా పిల్లలందరికీ ముప్పే. నా కోపమంతా ఈ మాట అమ్మేటప్పుడు చెప్పకుండా దాచినందుకు. మిగతా పిల్లలు నీళ్లలో కేరింతలు కొడుతుంటే కంచె ఇవతల నిలబడి "నేనూ, నేనూ" అని ఏడ్చే రెండున్నరేళ్ల పిల్లకి పరాన్నజీవి సంగతి ఏం చెప్పి ఓదార్చాలి?

డైపర్ పిల్లల ఆటస్థలం కొన్ని ఓడల్లోనే ఉంటుంది. ఒకే కంపెనీ ఓడలైనా ఒకదానిలో ఉన్నది ఇంకోదానిలో ఉండదు. మాకు చూపించిన ఫొటోలు అదే కంపెనీ కొత్త ఓడవి. మమ్మల్ని ఎక్కించింది పాత ఓడ. అందుకే కంపెనీ పేరు తెలిస్తే చాలదు, ఓడ పేరు అడగండి. ఆ పేరుతో కంపెనీ సైట్‌లో డెక్ ప్లాన్, అంటే ఏ అంతస్తులో ఏముందో చూపే పటం తెరిచి, డైపర్ పిల్లల ఆటస్థలం ఏ అంతస్తులో ఉందో మీ కళ్లతో చూసుకోండి. అందులో కనబడకపోతే ఏజెంటు చెప్పేవన్నీ నీటిమూటలే. కొలనులున్నాయి కదా అని కాపలా ఉంటుందనీ అనుకోకండి, చాలా ఓడల్లో లైఫ్‌గార్డులు ఉండరు.

గది విషయంలోనూ ఇలాగే జరిగింది. ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో ఉన్న గదులు తక్కువ ఊగుతాయి, చిన్నపిల్లలతో అలాంటిదే మేలని అడిగాం. అలాగేనని చెప్పి మాకు అంటగట్టింది "గ్యారంటీ క్యాబిన్". పేరు వింటే ధైర్యంగా ఉంటుంది గానీ, అందులో ఖాయమయ్యేది గది రకం ఒక్కటే. ఏ గది, ఏ అంతస్తు అన్నది కంపెనీ ఇష్టం. మాకొచ్చింది సరిగ్గా కొలను డెక్ కింద. తెల్లవారకముందే పైన కుర్చీలు లాగే చప్పుడు, పాప ఉలిక్కిపడి లేచేది. పిల్లలున్నవాళ్లు కొంచెం ఎక్కువైనా గది నంబరు ఖాయం చేసుకునే టికెట్టే కొనండి. ఆ గదికి పైనా కిందా ఏముందో డెక్ ప్లాన్‌లో చూడండి. థియేటరు గానీ డాన్స్ ఫ్లోర్ గానీ ఉంటే వద్దనండి. పసిపిల్లల తొట్టె కావాలని బుకింగ్‌లోనే రాయించండి.

కెటిల్ పెట్టుకుని వెళ్లి ఇబ్బంది పడకండి. వేడెక్కే పరికరాలు అగ్నిప్రమాదానికి కారణమవుతాయని చాలా ఓడల్లో సామాను తనిఖీలోనే తీసేసుకుంటారు. పాలసీసాలు మరిగించడానికి ఏం ఏర్పాటు ఉందో ముందే అడగాలి. పాలపొడి, డైపర్లు ఓడలోని దుకాణంలో దొరుకుతాయన్న భరోసా లేదు, ప్రయాణానికి సరిపడా వెంట తీసుకెళ్లాల్సిందే.

ఇంకా చిన్న బిడ్డలున్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం. చాలా కంపెనీలు ఆరు నెలలు నిండని పిల్లల్ని ఎక్కనివ్వవు. మహాసముద్రం దాటే ప్రయాణాలకీ, వరసగా మూడు రోజులు గానీ అంతకు మించి గానీ రేవు తగలని ప్రయాణాలకీ ఏడాది నిండాలి. రేవులో సరిగ్గా పత్రాలు చూసే దగ్గర ఇది బయటపడితే ఇంటిల్లిపాదీ వెనక్కి తిరగాల్సిందే.

రేవుల జాబితాలో "టెండర్" అని ఎక్కడుందో చూడండి. అంటే ఓడ ఒడ్డుకి రాదు, సముద్రంలో లంగరేస్తే చిన్న పడవలో ఒడ్డుకి చేరాలి. గ్రీసులోని శాంటొరిని, కరీబియన్‌లోని గ్రాండ్ కేమన్ అలాంటివే. స్ట్రోలర్ మడిచి, పిల్లని చంకనెత్తుకుని ఊగే పడవలోకి దిగాలి. అలలు పెద్దవైతే ఆ రేవే రద్దవుతుంది, అలా రద్దు చేసే హక్కు టికెట్ ఒప్పందంలో కంపెనీకి ఉంటుంది. పిల్లల డాక్టరు ఓడలో ఉంటారనుకోవద్దు. ఓడ ఆసుపత్రి బిల్లుతోపాటు, మధ్యలో ఒడ్డుకి తరలించాల్సి వస్తే ఆ ఖర్చునీ భరించే బీమా తీసుకోండి.

న్యాయంగా ఒక మంచి మాట కూడా చెప్పాలి. పాప సైజు లైఫ్ జాకెట్ అడగ్గానే గదికి తెచ్చిచ్చారు. అది వాళ్ల దయ మీద ఆధారపడింది కాదు. ఒకరోజుకి మించిన ప్రయాణాల్లో ఎక్కిన ప్రతి పసిబిడ్డకీ జాకెట్ ఉండాలని ఓడల భద్రత మీద ఉన్న సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం చెబుతోంది. 2012 జనవరి 13న కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ ఇటలీ తీరంలో రాళ్లకి గుద్దుకుంది. ఆ తర్వాత, కొత్తగా ఎక్కినవాళ్లకి భద్రతా శిక్షణ ఓడ కదలకముందే గానీ, కదిలిన వెంటనే గానీ ఇవ్వాలన్న నియమం 2015 నుంచి అమల్లోకి వచ్చింది. ఎక్కగానే మీ పిల్లల కొలతకి జాకెట్ అడిగి తీసుకోండి.

ఇప్పుడు మా ఫిర్యాదు ఎక్కడుందో చెబుతాను. ఓడలో సిబ్బందిని అడిగితే, "ఏజెంటు ఏం చెప్పాడో మాకు తెలియదు, నియమాలు ఒప్పందంలో ఉన్నాయి" అన్నారు. ఏజెంటు మొదట నేనలా అనలేదన్నాడు. పాప వయసు, డైపర్ సంగతి రాసిన మా మెసేజ్, దాని కింద "క్లబ్‌లో అన్ని వయసుల వాళ్లనీ తీసుకుంటారు మేడమ్" అన్న అతని జవాబు ఫొటో తీసి పంపాక స్వరం మారింది. తర్వాతి క్రూజ్‌లో తగ్గింపు కూపన్ ఇస్తానన్నాడు. వద్దన్నాం, డబ్బే వెనక్కి ఇవ్వాలని పట్టుబట్టాం, కార్డు ఇచ్చిన బ్యాంకులో కూడా ఫిర్యాదు పెట్టాం. ఇంకా తేలలేదు.

మీకూ ఇలాగే జరిగి కూపన్ ఇస్తామంటే, దానితోపాటు పంపే కాగితం పూర్తిగా చదవకుండా సంతకం చేయకండి. మాకొచ్చిన కాగితంలో, కూపన్ తీసుకుంటే ఇక ఏ ఫిర్యాదూ లేనట్టేనన్న వాక్యం చివర్లో ఉంది. ఇంకా బుక్ చేయనివాళ్లు మీ పిల్లల వయసు, డైపర్ సంగతి, ఓడ పేరు, గది నంబరు ఒకే మెసేజ్‌లో రాసి, క్లబ్‌లోకి, నీళ్లలోకి రానిస్తారా లేదా అన్నదానికి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఫోన్లో చెబుతానంటే కట్టొద్దు. మొత్తం డబ్బు కట్టాల్సిన గడువు సాధారణంగా ప్రయాణానికి చాలా వారాల ముందే ఉంటుంది. అది దాటాక రద్దు చేసుకుంటే కోత మొదలవుతుంది, బయల్దేరే రోజు దగ్గరపడేకొద్దీ అది పెరుగుతూ పోతుంది. ఆ జవాబు గడువుకి ముందే మీ చేతిలో ఉండాలి.