చెక్ బౌన్స్ కేసు: ముద్దాయి బోనెక్కాలా, క్రాస్‌తోనే సరిపెట్టాలా?

నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 (చెక్ బౌన్స్) కేసులో చెక్కు మీద సంతకం ఒప్పుకుంటే చాలు, 139 కింద ప్రిజంప్షన్ (బాకీ కిందే చెక్కు ఇచ్చాడన్న చట్టపరమైన భావన) ఫిర్యాదికి వచ్చేస్తుంది. దాన్ని తిప్పికొట్టాల్సింది ముద్దాయి. అనుమానాతీతంగా రుజువు చేయనక్కర్లేదు, తన వాదన సంభవమే అనిపిస్తే చాలు. అందుకు ఫిర్యాది సాక్ష్యాన్నే వాడుకోవచ్చని 2010లో రంగప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ ఒక్క మాట పట్టుకుని ముద్దాయిని బోను దరిదాపులకు రానివ్వని జూనియర్ లాయర్లున్నారు.

ఫిర్యాదికి అంత అప్పిచ్చే స్తోమత లేదన్నదే డిఫెన్సయితే క్రాసే (ఫిర్యాదిని బోనులో ఎదురు ప్రశ్నించడమే) మేలు. 5 లక్షలు నగదుగా చేబదులు ఇచ్చానంటాడు. ప్రోనోటు లేదు, సాక్షి లేడు. ముందు ఉద్యోగం, నెల జీతం, ఇంటి ఖర్చు, అతనికున్న అప్పులు రాయించాలి. తరవాత ఏ రోజు, ఎక్కడ, ఎవరి ఎదుట ఇచ్చాడో. బ్యాంకు, ఐటీ రిటర్నుల ప్రశ్నలు ఆఖర్న. స్తోమత లేదన్న సజెషన్ (మన వాదనను ప్రశ్నగా సాక్షి ముందు పెట్టడం) మొదటే వేస్తే, మధ్యలో వాయిదా పడిందంటే ఫిర్యాది పొలం అమ్మిన కాగితంతో వస్తాడు. రిటర్నులో చూపనంత మాత్రాన అప్పు చెల్లకుండా పోదు. మిగతా లోపాలతో కలిస్తేనే దానికి బరువు.

చిట్టీ పాడినప్పుడు ఖాళీ చెక్కు సెక్యూరిటీగా ఇచ్చా, బాకీ తీర్చేశా అన్న డిఫెన్సు వేరు. ఇక్కడ క్రాస్ చాలదు. సాక్షి 'నిజం కాదు' అన్నాక మీ సజెషన్ సాక్ష్యం కాదు. పైగా, 'తీసుకున్నది 5 కాదు, 2 లక్షలే' అని వేశారా, అప్పు మీరే ఒప్పుకున్నట్టు! కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 351 కింద (పాత సీఆర్‌పీసీ 313) జడ్జి అడిగినప్పుడు ముద్దాయి ఇచ్చే స్టేట్‌మెంటులో చెప్పాం కదా అంటే కుదరదు. అది ప్రమాణం మీద చెప్పింది కాదు, దానితోనే ప్రిజంప్షన్ తొలగదని 2021లో సుమేతి విజ్ తీర్పు. కాబట్టి బోనెక్కాల్సిందే. బీఎన్‌ఎస్‌ఎస్ 353 ప్రకారం ముద్దాయి రాతపూర్వకంగా కోరాలి. చిట్టీ పాస్‌బుక్కు ఒరిజినల్ ఉండాలి; బ్యాంకు స్టేట్‌మెంటు ప్రింటయితే తగిన సర్టిఫికెట్ జతచేయాలి.

ఎక్కాక అవతలి లాయరు తప్పక అడిగే మూడు ప్రశ్నలున్నాయి: నోటీసుకు జవాబెందుకివ్వలేదు, చెక్కు తిరిగివ్వమని ఉత్తరమేదైనా రాశావా, చెక్కు చెల్లించొద్దని బ్యాంకుకు చెప్పి స్టాప్ పేమెంట్ ఎందుకు పెట్టలేదు. ఈ మూడింటికీ నీళ్లు నమిలేవాణ్ని ఎక్కించడం కన్నా చిట్టీ కంపెనీ గుమాస్తాకు సమన్లు వేయించి రిజిస్టరు తెప్పించడం నయం. రిజిస్టరును ఎవరూ బెదరగొట్టలేరు.

ఈ నిర్ణయం మాత్రం ఫిర్యాది క్రాస్ మొదలవకముందే జరగాలి. పీడబ్ల్యూ-1కు (ఫిర్యాది తరఫు మొదటి సాక్షి) ఒక కథ సజెస్ట్ చేసి, డీడబ్ల్యూ-1తో (ముద్దాయి తరఫు మొదటి సాక్షి) మరోటి చెప్పిస్తే రెండూ పోతాయి.