పదేళ్లుగా ‘నేమ్‌ఐ’ వాడుతున్నాను: పర్మిషన్ డినైడ్ వస్తే నేను ముందు కొట్టే కమాండ్

లినక్స్ సర్వర్లు చూసుకోవడం మొదలుపెట్టిన రెండో ఏడో మూడో ఏడో నాకు ఈ నేమ్‌ఐ కమాండ్ తగిలింది. అప్పటినుంచి పదేళ్లు దాటింది. ‘పర్మిషన్ డినైడ్’ (నీకు అనుమతి లేదు) అని ఎక్కడ కనిపించినా నా వేళ్లు ముందు దీన్నే కొడతాయి. పేరు పలకడానికి అదోలా ఉంటుంది గానీ దానికో కారణం ఉంది. ఫైలు పేరు ఇస్తే దాని ఐనోడ్ (ఫైలు వివరాలు ఉండే రికార్డు) వెతికి పెట్టే రొటీన్‌కి పాత యూనిక్స్ కెర్నల్‌లో ఉన్న పేరే ఇది. యుటిల్-లినక్స్ ప్యాకేజీలో భాగం కాబట్టి మామూలు లినక్స్ సర్వర్లలో విడిగా ఎక్కించుకోనక్కర్లేదు.

అది చేసే పని చాలా చిన్నది. ‘నేమ్‌ఐ -ఎల్’ అని కొట్టి ఒక పాత్ ఇస్తే, స్లాష్ (అన్నిటికీ పైనున్న డైరెక్టరీ) దగ్గర్నుంచి చివరి ఫైలు దాకా దారిలో ఉన్న ఒక్కో మెట్టునీ ఒక్కో వరుసలో పేర్చి, దాని పర్మిషన్లు, ఓనర్, గ్రూప్ చూపిస్తుంది. మధ్యలో సింబాలిక్ లింక్ ఉంటే అది ఎటు తీసుకెళ్తే అటు వెళ్లి ఆ మెట్లు కూడా చూపిస్తుంది. అంతే. దీనికో సమీక్షా అనుకుంటారేమో. కానీ నేను చూసిన డైరెక్టరీ గొడవల్లో ఎక్కువ భాగం, జనం ‘ఎల్ఎస్’ (ఫైళ్ల జాబితా చూపించే కమాండ్) కొట్టి చూస్తున్న చోట లేవు. రెండు మెట్లు పైన ఉన్నాయి.

ఒక రాత్రి జరిగింది చెప్తాను. ముందు ఒక మాట: 755 లాంటి పర్మిషన్ అంకెల్లో మొదటిది ఓనర్‌కి, రెండోది గ్రూప్‌కి, మూడోది మిగతావాళ్లకి (అదర్స్). చదవడానికి (ఆర్) 4, రాయడానికి (డబ్ల్యూ) 2, ఎక్స్‌కి 1, వీటిని కూడితే వచ్చేదే ఒక్కో అంకె. రిలీజ్ అయిన పది నిమిషాలకి సైట్ మొత్తం 403 (చూసే అనుమతి లేదనే ఎర్రర్) ఇస్తోందని మా టీమ్ కుర్రాడు ఫోన్ చేశాడు.

“అన్నా, ఫైళ్లన్నీ 644 ఉన్నాయి. ఓనర్ కూడా కరెక్టే. అయినా తెరుచుకోవట్లేదు.”

“డైరెక్టరీలు?”

“లోపల అన్నీ 755 అన్నా. ఒక్కొక్కటీ చూశాను. 777 కొట్టేయమంటావా?”

“ఆగు నాయనా. ఇండెక్స్ ఫైలు పూర్తి పాత్ ఇచ్చి నేమ్‌ఐ కొట్టి, వచ్చింది నాకు పంపు.”

వచ్చిన వరుసలు ఐదు. స్లాష్ బాగుంది, ‘ఎస్‌ఆర్‌వి’ బాగుంది, ‘పోర్టల్’ బాగుంది. నాలుగో వరుసలో ‘పబ్లిక్’ ముందు డి, ఆర్, డబ్ల్యూ, ఎక్స్, ఆ తర్వాత వరసగా ఆరు అడ్డగీతలు. అంటే 700. ఓనర్‌కి తప్ప ఇంకెవరికీ అడుగు పెట్టే వీల్లేదు. వెబ్ సర్వర్ నడిచే యూజర్ ఆ ఓనర్ కాదు. కుర్రాడు ‘పబ్లిక్’ లోపలికి వెళ్లి అన్నీ చూశాడు గానీ, ‘పబ్లిక్’ వైపే చూడలేదు. తలుపు మూసి ఉందని అతనికి తెలియలేదు, ఎందుకంటే అతను రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) లాగిన్ అయి ఉన్నాడు. రూట్‌కి మామూలుగా ఏ తలుపూ అడ్డు కాదు.

సరే, 755 చేస్తే సైట్ లేచింది. కానీ ఎవరు 700 చేశారు? ఎవరూ సీహెచ్‌మాడ్ (పర్మిషన్లు మార్చే కమాండ్) కొట్టలేదు. ఇది తేల్చకుండా పడుకుంటే తర్వాతి రిలీజ్‌కి మళ్లీ లేవాలి. రిలీజ్ స్క్రిప్ట్ తెరిచి చూస్తే ఆ వారమే మారింది. ఇదివరకు ఒక మామూలు డైరెక్టరీలో బిల్డ్ చేసేవాళ్లు, ఇప్పుడు ‘ఎంకేటెంప్ -డి’తో తాత్కాలిక డైరెక్టరీ చేసి అందులో బిల్డ్ చేసి, అక్కణ్నుంచి ‘ఆర్‌సింక్ -ఎ’తో పంపుతున్నారు. ఎంకేటెంప్ చేసే డైరెక్టరీ ఎప్పుడూ 700తోనే పుడుతుంది, భద్రత కోసం. ఆర్‌సింక్‌కి సోర్స్ పేరు చివర స్లాష్ పెట్టి -ఎ ఇస్తే, లోపలి ఫైళ్లవే కాదు, ఆ పై డైరెక్టరీ పర్మిషన్లు కూడా మోసుకెళ్లి అవతలి డైరెక్టరీకి తగిలిస్తుంది. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు. ఇద్దరూ కలిసి సైట్‌కి తాళం వేశారు. స్క్రిప్ట్‌లో ఆర్‌సింక్‌కి ముందు తాత్కాలిక డైరెక్టరీకి 755 ఇచ్చే ఒక్క వరుస చేర్చాక గొడవ వదిలింది.

ఆ రాత్రి 777 కొట్టినా సైట్ లేచేదే. అదే దాంతో చిక్కు. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంటుంది ఆ పని. ఎలుకలు పోయినట్టే కనిపిస్తాయి కూడా. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాగే హోమ్ డైరెక్టరీ మీద పెద్ద ఆర్ పెట్టి (లోపలున్న అన్నిటికీ తగిలేలా) 777 కొట్టాను. ఆ సాయంత్రం నుంచి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) నా కీని ఒప్పుకోలేదు. మన హోమ్‌లో గానీ, ఎస్ఎస్‌హెచ్ డైరెక్టరీలో గానీ ఇతరులు రాయగలిగేలా ఉంటే, సర్వర్ డీఫాల్ట్‌గా ఆ కీని నమ్మదు. తప్పు దానిది కాదు.

డైరెక్టరీ మీద ఎక్స్ బిట్ అంటే ఏమిటో నాకు నిజంగా అర్థమైంది నేమ్‌ఐ అవుట్‌పుట్ చూస్తూ చూస్తూనే. ఫైలు మీద ఎక్స్ అంటే రన్ చేయొచ్చని. డైరెక్టరీ మీద ఎక్స్ అంటే దాని గుండా దాటొచ్చని. ఆర్ ఉంటే లోపలి పేర్ల జాబితా చదవొచ్చు, అంతవరకే. ఆర్ ఉండి ఎక్స్ లేని డైరెక్టరీలో ‘ఎల్ఎస్ -ఎల్’ కొట్టి చూడండి: పేర్లు కనిపిస్తాయి, పర్మిషన్, సైజు, తేదీ ఉండాల్సిన చోట్లన్నీ ప్రశ్నార్థకాలు పడతాయి. మొదటిసారి చూసినప్పుడు డిస్క్ పాడైందనుకుని కంగారుపడ్డాను. ఎక్స్ ఉండి ఆర్ లేకపోతే దీనికి తిరగబడి ఉంటుంది: జాబితా రాదు, కానీ పేరు తెలిస్తే ఆ ఫైలు తెరవొచ్చు. ఇక డబ్ల్యూ, ఎక్స్ కలిసి ఉంటే లోపల ఫైళ్లు పుట్టించొచ్చు, పేరు మార్చొచ్చు, చెరిపేయొచ్చు. ఆ ఫైలు మనది కాకపోయినా సరే. అది వద్దనుకునే ‘టెంప్’ డైరెక్టరీకి స్టికీ బిట్ (ఒకరి ఫైలు ఇంకొకరు చెరపకుండా ఆపేది) పెట్టి 1777గా ఉంచుతారు.

ఉబుంటు వాళ్లు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ డైరెక్టరీలను 755 బదులు 750తో చేస్తున్నారు. హోమ్ కింద ఒక ఫోల్డర్ పెట్టుకుని దాన్ని వెబ్ సర్వర్‌కి చూపించే అలవాటున్న వాళ్లందరికీ కొత్త సర్వర్ మీద ఇది తగులుతుంది. పాత సర్వర్‌లో పనిచేసిన కాన్ఫిగ్ ఇక్కడెందుకు చేయట్లేదని నా దగ్గరికి వచ్చిన వాళ్లు కనీసం నలుగురు. నలుగురికీ నేమ్‌ఐ మూడో వరుసలోనే సమాధానం దొరికింది.

వాడేకొద్దీ ఒక కిటుకు అలవాటైంది. రూట్‌గా కొట్టకుండా, ఏ యూజర్‌కి తేడా వస్తోందో ఆ యూజర్ పేరు మీదే ‘సూడో -యు’తో కొట్టాలి. అప్పుడు ఆ యూజర్ ఎంతవరకు వెళ్లగలడో అంతవరకే వరుసలు వస్తాయి, ఆగిన చోట పేరు పక్కన ‘పర్మిషన్ డినైడ్’ అని పడుతుంది. ఇక్కడ కొత్తవాళ్లు పొరబడతారు. ఆ మాట ఏ పేరు పక్కన పడిందో దోషి అది కాదు, దాని పై వరుసలో ఉన్న డైరెక్టరీ. ఎక్స్ లేనిది దానికి. నేనూ చాలాసార్లు కింది దాన్ని పట్టుకుని గింజుకున్నాను.

ఇంకొకటి, ఇది చాలామంది నమ్మరు. ఓనర్, గ్రూప్, అదర్స్ అనే మూడింట్లో కెర్నల్ అన్నీ చూసి మనకు మేలైనది ఎంచదు. ఓనర్ అయితే ఓనర్ బిట్లే, కాకపోయి గ్రూప్‌లో ఉంటే గ్రూప్ బిట్లే. అక్కడితో ఆగిపోతుంది. ఒకసారి ఎవరో 705 ఉన్న డైరెక్టరీని బ్యాకప్ యూజర్ ఇంకా బాగా చదవాలని అతన్ని ఆ గ్రూప్‌లో చేర్చారు. అప్పటిదాకా అదర్స్ కింద హాయిగా చదువుకుంటున్నవాడు, గ్రూప్‌లో చేరిన మర్నాటినుంచి బయట నిలబడ్డాడు. ఉన్నదీ పోయింది పాపం.

ఇప్పుడు దీని లోపాలు. మొదటిది, నన్ను ఎక్కువ ఏడిపించింది ఏసీఎల్, అంటే ఒక్కో యూజర్‌కి విడిగా ఇచ్చే అదనపు పర్మిషన్ల జాబితా. నేమ్‌ఐ దాన్ని చూపించదు. ‘ఎల్ఎస్ -ఎల్’ అయితే కనీసం పర్మిషన్ల చివర ఒక ప్లస్ గుర్తు పెట్టి చెప్తుంది, ఇది ఆ మాత్రం కూడా చెప్పదు. ఒక షేర్డ్ డైరెక్టరీకి ‘సెట్‌ఎఫ్‌ఏసీఎల్’తో ఒక యూజర్‌కి మూడు బిట్లూ ఇచ్చాను. నెల తర్వాత ఎవరో దాని మీద సీహెచ్‌మాడ్ 750 కొట్టారు. ఏసీఎల్ ఉన్న చోట సీహెచ్‌మాడ్‌లోని మధ్య అంకె గ్రూప్‌కి కాదు, మాస్క్‌కి (ఆ అదనపు పర్మిషన్లకి పై హద్దు) తగులుతుంది. ఆ యూజర్ ఎంట్రీలో మూడు బిట్లూ అలాగే ఉన్నాయి, రాయడం మాత్రం పోయింది. ‘గెట్‌ఎఫ్‌ఏసీఎల్’ కొడితే ఆ వరుస పక్కన ‘ఎఫెక్టివ్’ అని చిన్నగా ఉంది. ఆ చిన్న మాట కంటపడేసరికి సగం రోజు పోయింది. ఇప్పుడు నేమ్‌ఐలో ఏ తేడా కనిపించకపోతే వెంటనే గెట్‌ఎఫ్‌ఏసీఎల్‌కే వెళ్తాను.

రెండోది, ఇది చెప్పేది డిస్క్ మీద ఉన్న సంగతి. నడుస్తున్న ప్రాసెస్‌కి అది అలాగే కనిపించాలని లేదు. సిస్టమ్‌డి (సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) సర్వీస్ ఫైల్లో ‘ప్రొటెక్ట్‌హోమ్’ ఆన్ చేసి ఉంటే ఆ సర్వీస్‌కి హోమ్ అందదు. నేమ్‌ఐ అంతా బాగుందంటుంది, అదే యూజర్‌గా సూడో చేసి చూస్తే ఫైలు తెరుచుకుంటుంది, సర్వీస్ మాత్రం లేదు లేదంటుంది. గ్రూపుల సంగతీ ఇంతే. యూజర్‌ని ఈ పూట గ్రూప్‌లో చేర్చినా, ముందునుంచీ నడుస్తున్న ప్రాసెస్‌కి అది పట్టదు, రీస్టార్ట్ చేయాలి. చేర్చేటప్పుడు ‘యూజర్‌మాడ్’కి -ఎ మర్చిపోతే మిగతా గ్రూపులన్నీ ఊడిపోతాయి, అది వేరే ఏడుపు.

ఎస్ఈలినక్స్ (ఫైళ్లకు లేబుళ్లు పెట్టి కాపలా కాసే అదనపు భద్రతా పొర) ఉన్న సర్వర్లలో బిట్లన్నీ సరిగ్గా ఉండి కూడా డినైడ్ వస్తే లేబుల్ చూడాలి. హోమ్‌లోంచి ‘ఎంవి’తో తెచ్చిన ఫైలు పాత లేబుల్‌తోనే వస్తుంది, ‘రిస్టోర్‌కాన్’ కొడితే సర్దుకుంటుంది. ఎన్ఎఫ్ఎస్ మౌంట్ల (నెట్‌వర్క్‌లో ఇంకో సర్వర్ నుంచి తగిలించుకున్న డైరెక్టరీలు) మీద రూట్‌కి కూడా డినైడ్ రావచ్చు, అవతలి సర్వర్ రూట్‌ని అనామక యూజర్‌గా చూస్తుంది కాబట్టి. ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అని వస్తే మాత్రం నేమ్‌ఐని పక్కన పెట్టి ముందు ‘ఎల్ఎస్ఏటీటీఆర్’ (ఫైలుకున్న ప్రత్యేక గుర్తులు చూపించే కమాండ్) చూడండి. ‘పర్మిషన్ డినైడ్’ ఎర్రర్ నంబర్ 13, ఇది 1. వినడానికి రెండూ ఒకటే. ఎవరైనా ఫైలుకి ఇమ్యూటబుల్ (ఎవరూ మార్చకూడదనే) గుర్తు పెట్టి ఉంటే రూట్‌కి కూడా వచ్చేది ఈ రెండోదే.

మ్యాక్‌లోనూ ఫ్రీబీఎస్‌డీలోనూ ఇది మామూలుగా ఉండదు. అక్కడ నేను ‘డిర్‌నేమ్’తో ఒక్కో మెట్టు పైకెక్కుతూ ‘ఎల్ఎస్ -ఎల్‌డి’ కొట్టే నాలుగు వరుసల లూప్ పెట్టుకున్నాను. పని జరుగుతుంది గానీ లింక్‌ల వెంట వెళ్లదు.

ఆ 403 కుర్రాడు తర్వాత రిలీజ్ స్క్రిప్ట్ చివర ఒక చెక్ పెట్టాడు. వెబ్ సర్వర్ యూజర్ పేరు మీద ఇండెక్స్ ఫైలుని ‘టెస్ట్ -ఆర్’ చేస్తుంది. అది ఫెయిలైతే రిలీజ్ అక్కడే ఆగి, అదే యూజర్‌తో కొట్టిన నేమ్‌ఐ అవుట్‌పుట్ మొత్తం లాగ్‌లో పడుతుంది. ఇప్పటికి రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ నాకు ఫోన్ రాలేదు, లాగ్ చూసి వాడే సరిచేసుకున్నాడు.