టింటాజెల్‌లో గోర్లోయిస్ కోసం రెండు రోజులు

ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ సముద్రతీరాన పాత కోట ఉన్న ఊరు టింటాజెల్. ఇక్కడికి వెళ్ళేవాళ్ళు బ్రిటన్ పురాణగాథల్లోని ఆర్థర్ రాజు కోసం వెళ్తారు. నేను గోర్లోయిస్ కోసం వెళ్ళాను.

1136 ప్రాంతంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ రాసిన బ్రిటన్ రాజుల కల్పిత చరిత్రలో ఈయన కార్న్‌వాల్ ఏలిక. శాక్సన్ల చేతిలో ఓడి ఉథర్ రాజు కొండెక్కి కూర్చుంటే, రాత్రికి రాత్రే మీద పడదామని చెప్పి గెలిపించింది ఈయనే. ఆ తర్వాత ఈస్టర్ విందులో ఉథర్ కన్ను ఈయన భార్య ఇగెర్నా మీద పడింది. గోర్లోయిస్ ఆమెను టింటాజెల్‌లో ఉంచి, తను డిమిలియాక్ కోటకు వెళ్ళాడు. మాంత్రికుడు మెర్లిన్ ఇచ్చిన మందుతో ఉథర్ ఆయన రూపం తెచ్చుకుని టింటాజెల్‌లో అడుగుపెట్టాడు. ఆ రాత్రే అసలు గోర్లోయిస్ పోరులో చనిపోయాడు. ఆర్థర్ కడుపున పడింది అప్పుడే.

కారులో ఈ కథ చెప్తుంటే అత్తయ్య, "అహల్య కథే కదమ్మా! పాపం, ఈ గౌతముడు శపించడానికైనా మిగల్లేదు" అన్నారు. నాకూ అదే బాధ.

రెడింగ్ నుంచి నాలుగు గంటలు పట్టింది. ఊళ్ళో మేం దిగిన గదిలో హీటర్ పనిచేయలేదు. చెప్తే ఇంకో దుప్పటి ఇచ్చారంతే. పెద్దవాళ్ళతో వెళ్తే బుక్ చేసేముందే ఫోన్ చేసి అడగండి. తిండికి ఇబ్బంది లేదు, చీజ్-ఉల్లిపాయ పాస్టీ (లోపల కూరిన కజ్జికాయ లాంటిది) వేడివేడిగా దొరుకుతుంది.

కోటకి టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. ఊళ్ళోంచి కిందికి దారి బాగా ఏటవాలు. అత్తయ్య మోకాళ్ళకి ల్యాండ్ రోవర్ సర్వీసే దిక్కయింది, ఇచ్చిన డబ్బుకి పూర్తి న్యాయం చేసింది. లోయకి అటూ ఇటూ ఉన్న కోట రెండు భాగాల్నీ కలుపుతూ 2019లో కట్టిన వంతెన అద్భుతం. నేలంతా స్థానిక నల్లరాతి పలకలు నిలువుగా పేర్చారు. రెండు వైపుల నుంచీ వచ్చిన సగాలు నడుమ కలవవు, 4 సెంటీమీటర్ల సందు వదిలారు. అత్తయ్య చెప్పు దాని మీద ఆపి కిందికి చూశారు. చాలా లోతున నురగ. ముగ్గురు మనుషులుంటే ఇక్కడ రాజ్యాన్నంతా ఆపొచ్చని జెఫ్రీ ఎందుకన్నాడో అక్కడ నిలబడితే అర్థమైంది. గాలి ఎక్కువైతే వంతెన మూసేస్తారు, వాతావరణం చూసుకుని బయల్దేరండి.

ఇప్పుడున్న గోడలు గోర్లోయిస్‌వి కావు. 1230లలో రిచర్డ్ అనే కార్న్‌వాల్ ప్రభువు కట్టించినవి. అయితే క్రీ.శ. 5-7 శతాబ్దాల నాటి మధ్యధరా కుండపెంకులు ఇక్కడ తవ్వకాల్లో దొరికాయి. అంటే గొప్పవాళ్ళెవరో నిజంగానే ఉండేవాళ్ళన్నమాట. కోట కింద ఒడ్డున ఉన్న మెర్లిన్ గుహకి ఆటు సమయంలోనే, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడే వెళ్ళగలం. మాకు కుదరలేదు, నేను పట్టించుకోలేదు కూడా.

రెండో రోజు కార్న్‌వాల్‌లోనే ఉన్న సెయింట్ డెనిస్ అనే ఊరు. గోర్లోయిస్ వెళ్ళిన డిమిలియాక్ ఇక్కడి డొమెలిక్ అనే చోటే అని చాలామంది అంటారు. ఇంకో చోటు పేరు చెప్పేవాళ్ళూ ఉన్నారు. పాత కొండకోట గుండ్రటి ఆవరణలో చర్చి, చుట్టూ తెల్లమట్టి గనుల గుట్టలు. టికెట్ లేదు, బొమ్మల దుకాణం లేదు, మేం తప్ప మనిషి లేడు. మా ఆయన గంట చాలన్నారు గానీ, ఈ ప్రయాణంలో నాకు నచ్చిన చోటు ఇదే. అత్తయ్య దారిలో కోసుకున్న రెండు అడవిపూలు గోడ మీద పెట్టి, "ఆయన పేరేమన్నావు?" అని మళ్ళీ అడిగారు.