బట్టను తిరగేసి చూసే పురస్కారమా, ఫోటో చూసే పురస్కారమా?

శ్రీకాళహస్తిలో కలంకారీ బట్ట కొనడానికి వచ్చిన పాతకాలపు వ్యాపారి ముందుగా దాన్ని తిరగేసి చూస్తాడు. కలంతో రాసిన రంగు నూలులోకి ఇంకిపోయి వెనకవైపు కూడా కనిపిస్తుంది. స్క్రీన్‌తో అచ్చువేసిన బట్ట వెనకవైపు సాధారణంగా వెలవెలబోతుంది. చేతిపనికి కొత్త సాంకేతికతను జోడించే యువ డిజైనర్లకు ఏ పురస్కారం మేలని తిరుపతిలో ఎవరైనా నన్ను అడిగితే, ఆ పోటీలో బట్టను ఎవరైనా తిరగేసి చూస్తారా అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను.

ఈ మధ్య ఆ ప్రశ్నతో వచ్చిన అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. వాళ్లది శ్రీకాళహస్తిలో వ్రాతపని, అంటే కలంతో కలంకారీ రాసే పని, చేసే కుటుంబం, తాను చదివింది ఇంజినీరింగ్. ఆమె దగ్గర రెండు వస్తువులున్నాయి. ఒకటి రెండు మీటర్ల కలంకారీ వస్త్రం. దాని కూర్పును టాబ్లెట్ మీద పదిసార్లు మార్చి చూసుకుని, నచ్చిన రూపాన్ని చింతబొగ్గుతో బట్ట మీదికి ఎత్తి, వెదురు కలంతో రాసింది. రెండోది పెరట్లో పెట్టుకున్న ఫైబర్ తొట్టి, ఒక చిన్న మోటారు, ఇసుక వడపోత. "సార్, గుడ్డను పంపాలా, తొట్టిని పంపాలా?" అని అడిగింది.

తొట్టి సంగతి అర్థం కావాలంటే రంగు సంగతి తెలియాలి. కరక్కాయ రసంలోనూ గేదెపాలలోనూ నానబెట్టి ఆరబెట్టిన గుడ్డ మీద, తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన ద్రావణంతో గీత గీస్తే, కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసి ఆ గీత నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు పూస్తారు, ఎందుకంటే పటిక ఉన్న చోటనే మంజిష్ఠ ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. అయితే బట్టను రంగులో ఉడికించే ముందు అదనపు పటికను పారే నీళ్లలో వదిలించాలి. నిలవ నీళ్లలో ముంచితే పటిక పక్కకు పాకి, తెల్లగా ఉండవలసిన ముఖం మీద కూడా ఎరుపు మరకలు పడతాయి. స్వర్ణముఖి ఏడాదిలో చాలా నెలలు ఇసుకగానే ఉంటుంది కాబట్టి, నీళ్లను తిప్పి తిప్పి వాడుతూ పెరట్లోనే ప్రవాహాన్ని పుట్టించే తొట్టిని ఆ అమ్మాయి కట్టింది. నా దృష్టిలో ఆమె చేసిన అసలైన కొత్త పని అదే. టాబ్లెట్ మీద బొమ్మ కూర్చుకోవడం ఇప్పుడు ఎవరైనా చేసేదే.

ఇక పురస్కారాల విషయానికి వస్తే, కేంద్ర జౌళి మంత్రిత్వశాఖ హస్తకళలకు ఇచ్చే జాతీయ పురస్కారం 1965 నుంచి ఉంది. దానికి పైమెట్టుగా శిల్పగురు 2002లో వచ్చింది. జాతీయ పురస్కారం బలం, వస్తువే పరీక్షకు వెళ్లడం. చేతిపని తెలిసినవారు దాన్ని తాకి, తిప్పి చూడగలరు. బలహీనత కూడా స్పష్టమే: ముప్పై ఏళ్ల వయసు, పదేళ్ల అనుభవం అడుగుతుంది గనుక ఇరవై నాలుగేళ్ల డిజైనర్‌కు ఆ తలుపు ఇంకా తెరుచుకోదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ దక్కినప్పుడు ఊరంతా సంతోషించింది కానీ, అది దశాబ్దాల పనికి దక్కిన గౌరవం. అలాంటి గుర్తింపు కోసం కాచుకు కూర్చునే ఓపిక కొత్తగా కుంపటి వెలిగించినవాళ్లకు ఉండాలనడం న్యాయం కాదు.

స్పెయిన్ ఫ్యాషన్ సంస్థ లోయివే పేరు మీదున్న లోయివే ఫౌండేషన్ క్రాఫ్ట్ ప్రైజ్ దీనికి భిన్నమైనది. 2016లో ప్రకటించిన ఈ పోటీలో మొదటి విజేత పేరు 2017లో వెలువడింది. బహుమతి 50,000 యూరోలు. పద్దెనిమిదేళ్లు నిండితే చాలు, ఏ దేశంవారైనా పంపవచ్చు, ఒక్కరే కాక బృందంగా కూడా పంపవచ్చు. ఈ చివరి మాట మన ఇళ్లకు చాలా ముఖ్యం, ఎందుకంటే ఒకరు గీత రాస్తే మరొకరు రంగు నింపుతారు, ఇంకొకరు ఉతుకుతారు, చివరికి పత్రం మీద ఒక్క పేరే పడుతుంది. ఇక్కడ ఆ ముగ్గురి పేర్లూ పెట్టవచ్చు. చేతిపనిలో కొత్తదనాన్ని తప్పుపట్టకపోగా దాన్నే కోరుకునే పోటీ ఇది. కానీ మొదటి వడపోత ఫోటోల మీదే జరుగుతుంది. తుది జాబితాకు చేరిన పనులే ప్రదర్శనకు వెళ్తాయి. పైగా, పంపే వస్తువు అంతకుముందు మరే బహుమతీ పొంది ఉండకూడదు. అంటే ఆ రెండు మీటర్ల బట్టను తొందరపడి ఏదో చిన్న పోటీకి పంపి గెలిస్తే, ఈ దారి మూసుకుపోతుంది.

ఎల్‌వీఎంహెచ్ అనే ఫ్రెంచి విలాసవస్తువుల సంస్థ ఇచ్చే యువ డిజైనర్ల బహుమతిలో 2024 నుంచి నైపుణ్యానికి ప్రత్యేకంగా 2,00,000 యూరోల విభాగం పెట్టారు. మొత్తం పెద్దదే కానీ, కనీసం రెండు దుస్తుల కలెక్షన్లు చేసి ఉండాలి. వ్యాపారం మొదలుపెట్టినవారికి అది పనికొస్తుంది, ఈ అమ్మాయికి కాదు.

జేమ్స్ డైసన్ అవార్డు మాత్రం అసలు చేతిపని కోసం పెట్టింది కాదు. ఒక సమస్యను పరిష్కరించే వస్తువును తయారుచేసిన ఇంజినీరింగ్, డిజైన్ విద్యార్థులకూ, చదువు ముగించి నాలుగేళ్లు దాటనివారికీ ఇచ్చేది. దేశస్థాయిలో 5,000 పౌండ్లు, అంతర్జాతీయ స్థాయిలో 30,000 పౌండ్లు. బట్టను పంపితే అక్కడ అందంగా ఉందని అనుకుని పక్కన పెడతారు. తొట్టిని పంపితే లెక్క వేరు: ఎన్ని లీటర్ల నీళ్లు మిగిలాయి, మరక పడిందా లేదా, మోటారుకు ఎంత కరెంటు కాలింది అన్నవి కొలిచి చూపించవచ్చు. తొట్టిని ఫోటోలోనూ వీడియోలోనూ చూసినా నిజం దాగదు.

ఫోటో మీద నా అపనమ్మకానికి సొంత కారణం కూడా ఉంది. కొన్నేళ్ల కిందట మా విద్యార్థి రాసిన ఒక వస్త్రాన్ని, రుసుము కట్టి, ఒక అంతర్జాతీయ పోటీకి ఫోటోల రూపంలో పంపాను. ప్రింటు బాగుందని మెచ్చుకుంటూ జవాబు వచ్చింది. ప్రింటు! ఆ తర్వాత, విజేతగా ప్రకటించాలంటే ప్రచారపు ఖర్చుల కింద మరికొంత కట్టమన్నారు. కట్టలేదు. అప్పటి నుంచి గెలిచినవాళ్ల దగ్గరే డబ్బు అడిగే పోటీలను నా పోలికలోకే తీసుకోవడం మానేశాను.

వెంకటగిరిలో నేసేవాళ్లకు కూడా ఇదే కొలబద్ద పనికొస్తుంది. అక్కడి జాందానీ బుటా, అంటే నేతలోనే చేత్తో ఎక్కించే పువ్వు, చీరకు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, మగ్గానికి బిగించే జకార్డు యంత్రం మీద వేసిన బుటాకు వెనకవైపు దారాలు వేలాడతాయి లేదా కత్తిరించిన కొసలు తగులుతాయి. కంప్యూటర్‌లో గీసిన బుటాను చేత్తో నేసిన యువకుడు, తన చీర వెనకభాగాన్ని చూపించే అవకాశమే లేని పోటీకి పంపితే, ఏ మరమగ్గం చీరతోనో సమానంగా మార్కులు పడతాయి. అలాంటి చోటికి పంపక తప్పనప్పుడు, వెనకవైపు దగ్గరి నుంచి తీసిన ఫోటోనే మొదట పెట్టమంటాను.

అందుకని ఆ అమ్మాయికి తొట్టిని ముందు పంపమన్నాను. చదువు ముగిసి రెండేళ్లయింది కాబట్టి ఇంకా రెండేళ్ల గడువుంది; బట్టకు అంత తొందర లేదు. దాన్ని ఏ చిన్న పోటీకీ పంపకుండా దాచిపెట్టి, వాళ్లమ్మ, బాబాయి పేర్లతో కలిపి లోయివేకు బృందంగా దరఖాస్తు చేయమన్నాను. అయిదేళ్ల లోపు చేసిన పనినే వాళ్లు తీసుకుంటారు కనుక మరీ పాతబడనివ్వకూడదు. జాతీయ పురస్కారం మాట ముప్పై దాటాక ఆలోచించవచ్చు, అప్పటికి చేతికి పదేళ్ల లెక్క కూడా వస్తుంది. బాబాయి పేరు పెట్టే మాటకు ఆమె వెంటనే ఒప్పుకుంది. తొట్టి విషయంలోనే వెనకాడింది, ఎందుకంటే వడపోతలో ఇసుక ఇంకా మోటారులోకి జారుతోందట.