రాడ్లన్నీ లాగాలా, లోపలి గొట్టం ఒక్కటే లాగాలా?

గరివిడి, చీపురుపల్లి వైపు పొలాల్లో మా రిగ్గు నిలబెడితే చాలు, ఊళ్లోవాళ్లు చుట్టూ చేరి "ఎన్నడుగుల్లో పడతాది బావూ?" అని అడుగుతారు. మేం తీసేది నీళ్లు కాదు. భూమిలోంచి రాతిని కడ్డీలా నిలువునా కోసి తెస్తాం. ఇక్కడ 1890ల తొలినాళ్ల నుంచి మాంగనీసు తవ్వుతున్నారు. కోడూరు ఊరి పేరుతోనే కోడూరైట్ అని ఒక రాయి ఉంది. లోతున ఏముందో తెలియాలంటే కోరు, అంటే ఆ రాతి కడ్డీ, తీయాల్సిందే.

ఆ పనికి బోరు బండి ఎందుకు సరిపోదని కొందరు అడుగుతారు. వేగంగా దిగుతుంది, చవక కూడా. కానీ సుత్తి దెబ్బకు రాయి పిండై పైకొస్తుంది. ఏ పొర ఎక్కడ మొదలైందో, పగుళ్లు ఎటు వాలాయో ఆ పిండి చెప్పదు. పైగా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

అసలు పోటీ కోరు తీసే రెండు పద్ధతుల మధ్య: పాతది, వైర్‌లైన్. పాత పద్ధతిలో మూడు మీటర్లు కోసిన ప్రతిసారీ రాడ్లన్నీ (ఒకదానికొకటి బిగించిన ఉక్కు గొట్టాలు) పైకి లాగి, అడుగున కోరు పట్టే బ్యారెల్ విప్పి కోరు తీయాలి. వైర్‌లైన్‌లో రాడ్లు బోరులోనే ఉంటాయి. తీగకు కట్టిన ఓవర్‌షాట్ అనే కొక్కెం రాడ్ల లోపలి నుంచి దిగి, కోరు నిండిన లోపలి గొట్టాన్ని, అంటే ఇన్నర్ ట్యూబును, పట్టుకుని పైకి తెస్తుంది. కొసన రాతిని కోసే వజ్రాల బిట్టు అరిగినప్పుడే రాడ్లు బయటికి వస్తాయి.

తేడా ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. 60 మీటర్ల బోరుకు పాత పద్ధతిలో 20 సార్లు లాగాలి. రాడ్లు కిందికీ పైకీ తిరిగే దూరం కిలోమీటరుంపావు. 300 మీటర్లయితే 100 సార్లు. దూరం 30 కిలోమీటర్లు, అంటే దాదాపు చీపురుపల్లి నుంచి విజయనగరం వరకూ! లోతు ఐదింతలైతే చాకిరీ పాతికింతలైంది. ఒక్కో రాడ్డూ విడిగా తీస్తే 5 వేల సార్లు విప్పాలి, అన్నిసార్లూ మళ్లీ బిగించాలి. మా హెల్పరు ఒకాయన అన్నట్టు, "ఎత్తడానికీ దించడానికే పొద్దు సరిపోతంది, తవ్వేదెప్పుడు బావూ?"

నాకు సమయం కన్నా వేళ్ల బెంగ ఎక్కువ. ఎన్‌క్యూ అనే వైర్‌లైన్ సైజులో మూడు మీటర్ల రాడ్డు ఒక్కటే 23 కిలోల పైమాట. 300 మీటర్ల రాడ్లు వేలాడితే రెండు టన్నులు దాటుతుంది. రాడ్లను పట్టి ఉంచే క్లాంపు జారినా, రెంచి వెనక్కి తన్నినా చెయ్యి పోతుంది. విప్పడం ఎన్నిసార్లు తగ్గితే ప్రమాదానికి అవకాశం అన్నిసార్లు తగ్గినట్టే. లోతు బోరుకు నేను వైర్‌లైన్ అడిగేది ముందు ఇందుకే.

అలాగని పాతదాన్ని తీసిపారేయను. 75.7 మిల్లీమీటర్ల బోరులోంచి పాత పద్ధతిలోని ఎన్‌ఎక్స్ సైజు బ్యారెల్ 54.7 మిల్లీమీటర్ల కోరు తెస్తుంది. అదే బోరులో ఎన్‌క్యూ వైర్‌లైన్ ఇచ్చేది 47.6 మాత్రమే. దాని బిట్టు అంచు మందం, అందుకే ఎక్కువ రాయి కోయాలి. వంతెన పునాదికో, చెరువు గట్టుకో 30, 40 మీటర్లు చూడాలంటే పాత బ్యారెల్లే నయం. ఖర్చూ తక్కువే.

మా నేలలో ఇంకో తిరకాసు ఉంది. కోడూరైట్ చివికి మెత్తటి బంకమట్టి అవుతుంది. దాని మధ్యలోనే గట్టి రాయీ ఉంటుంది. గట్టిది కోరై వస్తుంది, మెత్తటి ఖనిజం బిట్టును చల్లబరచడానికి పంపే నీళ్లలో కొట్టుకుపోతుంది. మనకు కావలసినదే పోతుందన్నమాట! అక్కడ రెండు పద్ధతులూ ఓడిపోతాయి, ట్రిపుల్ ట్యూబు (మూడు గొట్టాల బ్యారెల్) వేస్తే తప్ప. దాని లోపల నిలువుగా రెండుగా విడిపోయే తొడుగు ఉంటుంది, నీళ్లు బిట్టు ముఖం మీంచి బయటికి పోతాయి, కోరును తాకవు. ఒక్కో విడతకు మీటరో, మీటరున్నరో మించి కోయకూడదు. కూలి మీటర్ల లెక్కన ఇస్తే ఈ ఓపిక ఎవరికీ ఉండదు. ఒప్పందంలో మీటర్లతో పాటు ఎంత శాతం కోరు చేతికొచ్చిందో కూడా రాయాలి.

బిట్టు విషయంలో కొత్తవాళ్లు తరచూ తడబడతారు. గట్టి రాతికి మెత్తటి మ్యాట్రిక్స్ (వజ్రాలను పట్టి ఉంచే లోహం) ఉన్న బిట్టు వాడాలి. అది అరిగితేనే కొత్త వజ్రాలు బయటపడతాయి. గట్టి మ్యాట్రిక్స్ వేస్తే వజ్రాలు మొద్దుబారి, బిట్టు రాయి మీద ఊరికే జారుతుంది.

వైర్‌లైన్‌కూ తనవైన ప్రమాదాలున్నాయి. నీళ్లు లేని బోరులో ఇన్నర్ ట్యూబును వదిలేయకూడదు, తీగతో దించాలి. ట్యూబును జోరుగా లాగితే బోరు గోడలు కూలవచ్చు. నీళ్లు ఎదురు తన్నే చోట ట్యూబు దానంతటదే ఎగదన్నుకు రావచ్చు. అందుకే రాడ్డు మూతి మీదికి తల వంచి చూడొద్దు. తీగ పోగులు విడిపోతే అరచేయి చీరేస్తాయి.

మా కోస్తాలో తుపాను మాట వినగానే మాస్టు, అంటే రిగ్గు నిలువు స్తంభం, దించాలి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక తువ్వాలు. ఎండకు మెడలో వేసుకోవడం మన అలవాటు. ఒకసారి తిరుగుతున్న రాడ్డుకు మా కుర్రాడి తువ్వాలు కొస చుట్టుకుంది. ముడి లేదు కాబట్టి జారిపోయింది, వాడు బతికాడు. అప్పటి నుంచి ఏ రిగ్గు కుదుర్చుకున్నా పద్ధతి కన్నా ముందు రెండు చూస్తున్నాను: తిరిగే రాడ్లకు కంచె ఉందా, ఆపే ఎర్ర బటన్ డ్రిల్లరుకే కాక హెల్పరు చేతికీ అందుతుందా అని.