ఇల్లు బండి తలుపు పక్కన పెట్టించిన రాడ్డు, మూడేండ్లు వాడినంక నా మాట

బండి ఎక్కేటప్పుడు పట్టుకోడానికి తలుపు పక్కన ఒక స్టీల్ రాడ్డు కొట్టుకోండ్రి, అర్ధగంట పని, మస్తు పనికొస్తది అని రెండేండ్ల కింద నేను కనీసం పది మందికి చెప్పి ఉంట. పనికొస్తది అన్నది నిజమే, ఇప్పటికీ అదే అంట. అర్ధగంట పని అన్నది మాత్రం వాపస్ తీసుకుంటున్న, ఎందుకో కింద చెప్త.

పాత 12 సీట్ల వ్యాను కొని సీట్లు పీకేసి రెండు పరుపులు, స్టవ్వు, నీళ్ల ట్యాంకు పెట్టుకుని తిరుగుతున్నం మేము. ఇంట్ల అందరం దాన్ని ఇల్లు బండి అంటం. నల్గొండ నుంచి సాగర్, శ్రీశైలం, బీచుపల్లి, అలంపురం, ఎక్కువ గుళ్లే, అమ్మకు అవే ఇష్టం కాబట్టి. అమ్మకు 68, ఎడమ మోకాలు అరిగిపోయింది. మా ఇంటి మెట్టు 7 అంగుళాలు, బండి మొదటి మెట్టు నేల నుంచి 17 అంగుళాలు. టేపు పెట్టి కొలిచినంకనే సమజైంది నాకు, ఆమె ప్రతిసారి "మీరు పోయిరాండ్రి బిడ్డా, నేను ఇంటికాడ ఉంట" అని ఎందుకంటుందో.

మొదట పెట్టింది బాత్రూంల పెట్టే రాడ్డు, 18 అంగుళాలది, 450 రూపాయలు. డ్రిల్ మిషన్ అడుక్కొచ్చి నేనే రేకు మీద ఆరు స్క్రూలు కొట్టిన, చుట్టూ తెల్ల సిలికాన్ పూసిన, అయిపాయె. ఏడాదిన్నర ఏ ఇబ్బంది లేదు, అందరికీ చెప్పుకుంట తిరిగింది ఆ ఏడాదిన్నరలనే.

తర్వాత ఒక అమాస నాడు చెరువుగట్టు గుడికి పోయినం. అమాసకు అక్కడ జనం ఎట్లుంటరో మా దిక్కోళ్లకు చెప్పే పని లేదు. రాత్రి దర్శనం అయినంక అందరం బండికాడికి వచ్చినం, ఆకలిమీద, నిద్రమీద ఉన్నం, చిన్నమ్మ అందరికంటే ముందు ఎక్కబోయింది. ఆమె జర బరువు మనిషి, మెట్టు మీద ఒక కాలు పెట్టి రాడ్డు పట్టుకుని బలంగా గుంజింది, పైన మూడు స్క్రూలు ఒక్కసారే ఊడొచ్చినయ్, రాడ్డు కిందికి తిరిగిపోయింది, చిన్నమ్మ ఎనక్కి పడింది. ఎనక బావ ఉండబట్టి ఆపిండు. తల నేలకు తగలలే, కానీ మెట్టు అంచుకు పిక్క గీసుకుపోయి రక్తం కారింది. నార్కట్‌పల్లికి దిగొచ్చి కట్టు కట్టించినం. ఆమె నన్ను ఒక్క మాట అనలే. రాడ్డు కొట్టింది నేను కదా, ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలే. ఆ స్క్రూల మీద కోపం ఇంకా పోలే నాకు.

తెల్లారి చూస్తే రేకుకు గుండ్రంగా కొట్టిన బొక్కలు కోడిగుడ్డు లెక్క సాగి ఉన్నయ్, లోపల ఎర్రటి తుప్పు పొడి. బండి రేకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, అంత పల్చటి దాంట్ల స్క్రూకు దొరికేది ఒకటి రెండు చుట్ల పట్టే. గుంజినప్పుడల్లా జర జర కదులుతది, బొక్క పెద్దగైతది, వాన నీళ్లు పోతయ్, పైకి మాత్రం రాడ్డు నిగనిగ మెరుస్తనే ఉంటది. ఇంకోటి, పూసేటప్పుడు సిర్కా వాసన కొట్టే సిలికాన్ ఉంటది చూడుండ్రి, దాంట్ల ఆమ్లం ఉంటది, డ్రిల్ పెట్టి పెయింటు పోయినకాడ అది ఇనుమును ఇంకా తింటది. నీళ్లు పోవద్దని నేను పూసిందే తుప్పుకు దారి చేసింది.

ఈసారి బస్సు బాడీలు కట్టే మేస్త్రి దగ్గరికి తీసుకపోయిన. ఆయన చూసి, "రేకు తోలసొంటిది అన్నా, రాడ్డును ఎముకకు కట్టాలె" అన్నడు. లోపలి ప్లైవుడ్ విప్పి తలుపు పక్కన నిలువు స్క్వేర్ పైపు ఎక్కడుందో చూసి, పై బోల్టులు దాంట్లకెళ్లి దూర్చిండు. ఉత్త పైపును బోల్టుతో బిగిస్తే నొక్కుకపోతదంట, అందుకని పైపు లోపల చిన్న గొట్టం ముక్క అడ్డం పెట్టిండు. కింద పైపు దొరకనికాడ రేకు ఎనక అరచెయ్యంత 3 ఎంఎం ఇనుప పట్టీ పెట్టి, 8 ఎంఎం బోల్టులు, వదులు కాని నైలాక్ నట్లు బిగించిండు. సిలికాన్ బదులు పీయూ (పాలీయురెథేన్) సీలెంట్ పూసిండు. రాడ్డు కూడా మార్చినం, 24 అంగుళాలు, తుప్పు బాగా తట్టుకునే 304 రకం స్టీల్. పాతది 202 అనే తక్కువ రకం అయ్యుంటది, చాయ రంగు మచ్చలు వచ్చినయ్. మ్యాగ్నెట్ పెట్టి చూస్తే తెలుస్తది అంటరు కానీ ఆ రెండింటికీ మ్యాగ్నెట్ అంటుకోదు, షాపులల్ల ఒక మందు చుక్క ఏసి చూస్తరు, 202 అయితే ఎర్రగైతది. అడిగి ఏయించుకోండ్రి. పైపు, కూలి అన్నీ కలిపి 2,200 అయింది.

ఎత్తు సంగతి కూడా అప్పుడే తెలిసింది. మొదటి రాడ్డు నేను నిలబడి నా చెయ్యి అందేకాడ కొట్టిన. అమ్మ నాలుగడుగుల పది. మేస్త్రి అమ్మను తోలుకరమ్మన్నడు, చెప్పులతోనే నేల మీద నిలబెట్టి చెయ్యి ఎక్కడికి పోతదో సుద్దముక్కతో గీసిండు, లోపల నిలబెట్టి ఇంకో గీత గీసిండు. ఆ రెండు గీతలకు సరిపోయేటట్టు 24 అంగుళాలు వచ్చింది.

ఇక నేను అనుకోనిది. పోయిన డిసెంబర్ల దేవరకొండ, డిండి మీదికెళ్లి శ్రీశైలం పోతున్నం, మన్ననూర్ చెక్‌పోస్టు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. తొమ్మిది నుంచి పొద్దుగాల ఆరు దాకా అడవిలకు బండ్లను ఇడువరు కదా, పక్కకు ఆపి బండిలనే పండుకున్నం. నాలుగున్నరకు మెలకువొచ్చి చూస్తే అమ్మ పరుపు మీద లేదు. గుండె జల్లుమన్నది. తలుపు తీసి ఉంది, బయట చీకటి, చలి, అమ్మ బాత్రూంకు పోయి చేతుల టార్చ్ పట్టుకుని మెల్లగ వస్తుంది. రాడ్డుకు చుట్టిన రేడియం టేపు ఆ టార్చ్ ఎలుగుకు మెరుస్తుంది, ఆమె చెయ్యి సీదా అక్కడికే పోయింది, మంచి కాలు ముందు పెట్టి ఎక్కింది. "లేపకపోతివి అమ్మా" అంటే, "ఎందుకు లేపాలె, రాడ్డు ఉంది కద" అన్నది. ఇంకా మాట్లాడించితే అప్పుడు చెప్పింది, మునుపు బండిల పోయినప్పుడల్లా నీళ్లు తాగకుంట ఉండేదంట, దిగాలంటే ఎవరినన్నా అడగాలె అని. ఎండల కూడా. ఇన్నేండ్లు పక్కనే ఉండి నాకు తెలువలే. ఇప్పుడు సీసా పక్కన పెట్టుకుని తాగుతది. నాకు ఈ రాడ్డు ఇంత ఇష్టమెందుకో వేరే చెప్పక్కర లేదు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నయ్. మే నెలల మా దిక్కు 44, 45 కొడితే ఆ స్టీల్ మీద చెయ్యి పెట్టలేం. క్రికెట్ బ్యాట్ గ్రిప్పు తొడిగిన, ఎండకు జిగటజిగట అయింది. ఇప్పుడు నూలు తాడు గట్టిగ చుట్టిన, ఎండకు బాగుంది, వానకు తడిసి రెండు రోజులు ఆరదు. రాడ్డు బయటికి మూడు అంగుళాలు పొడుచుకొస్తది, సందులల్ల చూసుకోవాలె, మా సందుల ఒకసారి గోడకు రాసుకున్నది. బయటి దేశాలల్ల ట్రావెల్ ట్రైలర్లకు తలుపు పక్కన మడిచి గోడకు ఆనించే పొడుగు హ్యాండిల్ ఉంటది, అసొంటిది గట్టిది దొరికితే అదే మంచిది. నాకు కీలు లేనిదే నమ్మకం. దిగేటప్పుడు ఒక్క రాడ్డు సాలదు కూడా, అమ్మ బండి దిక్కు మొఖం పెట్టి ఎనక్కి దిగుతది, నొప్పి కాలు ముందు కిందికి పెట్టి. అట్ల అలవాటు కావడానికి నెల పట్టింది.

మాది నెలకు రెండు మూడు సార్లు తీసే బండి, అమ్మ 58 కిలోలు, మాకు సరిపోయింది. రోజూ పది మంది ఎక్కి దిగే బండికైతే ఎట్లుంటదో నేను హామీ ఇయ్యలేను. జరిపే తలుపు ఉన్న బండికి అసలు బయట ఎనక దిక్కు పెట్టొద్దు, తలుపు తీసినప్పుడు తగులుతది. నేనైతే ఆర్నెల్లకోసారి లోపలి ప్లైవుడ్ విప్పి నట్లు చూసుకుంటున్న. చిన్నమ్మ మళ్ల ఎక్కుతుంది మా బండి, కానీ పట్టుకునే ముందు ఒకసారి గుంజి చూస్తది, నేను ఏమీ అనను.

తలుపుకు రెండో దిక్కు ఇంకోటి పెట్టియ్యమని అమ్మ అడుగుతుంది. సుద్దముక్కతో గీత కూడా ఆమెనే గీసి పెట్టింది.